నడుస్తూ వంతెనలు చూద్దాం
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు ఇరవై నిమిషాలిచ్చారు. డి.ఏ. బకాయిల గురించీ, వైద్య బిల్లుల గురించీ, ఏటా ఇవ్వవలసిన లైఫ్ సర్టిఫికెట్ గురించీ నాకన్న బాగా తెలిసినవారు ఇదివరకే మాట్లాడారు. నేను ఆ జోలికి పోను. నల్లగొండ, మహబూబ్‌నగర్ ఉమ్మడి జిల్లాలకు చెందిన కొందరం మిత్రులం నాలుగేళ్లుగా చేస్తున్న ఒక పని గురించి చెప్పి కూర్చుంటాను. మేము నెలకోసారి ఏదో ఒక వంతెన దగ్గరికి వెళ్తాం, అక్కడ నింపాదిగా నడుస్తాం, పాతదీ కొత్తదీ చూస్తాం, తెచ్చుకున్న సద్ది తిని ఇంటికొస్తాం. అంతే.

ఇది విని కొందరు నవ్వుతారు. గుడికి పోతే పుణ్యం, సినిమాకు పోతే వినోదం, బ్రిడ్జికి పోతే ఏమొస్తుందని మా ఇంట్లోనే అడిగారు. వచ్చేదేమిటో చెప్పడానికే ఈ ప్రసంగం.

ముందు మా నడక పద్ధతి చెబుతాను. మేము ఎనిమిది మందిమి. రెవెన్యూలో చేసినవారు ఇద్దరు, ఉపాధ్యాయులు ముగ్గురు, ఆర్.టి.సి. కండక్టరుగా రిటైరైన ఒకాయన, పంచాయతీరాజ్‌లో చేసిన ఒకాయన, నేను. అందరిలో ఎవరి మోకాళ్లు ఎక్కువ నొస్తాయో వారి వేగమే అందరి వేగం. ఇది మా మొదటి నియమం. డాక్టరు నడవమన్నాడని చేతులూపుకుంటూ పరుగులాంటి నడక నడిచేవారు మాతో వస్తే విసుగెత్తిపోతారు. మూడు వందల మీటర్ల వంతెనను పైనుంచీ, పక్కనుంచీ, కిందనుంచీ చూసేసరికి మాకు గంటన్నర పడుతుంది. ఒక్కొక్కరు ఒక్కొక్కటి పట్టుకుంటారు. ఉపాధ్యాయ మిత్రుడు ఖానాలు లెక్కపెడతాడు. రెవెన్యూ మిత్రుడు శిలాఫలకం వెతుకుతాడు. కండక్టరుగారికి ఏ వాగు ఎప్పుడు పొంగితే బస్సును ఏ ఊరిమీదుగా తిప్పారో అన్నీ జ్ఞాపకమే. ఆయన నోట విన్నది ఏ గెజిటీరులోనూ దొరకదు.

మా మిత్రుల్లో ఒకాయనకు భార్య పోయి ఏడాది దాకా ఇల్లు కదల్లేదు. ఎవరం వెళ్లి పిలిచినా గుడికీ రాలేదు, పెళ్లికీ రాలేదు. వంతెన చూడడానికి రమ్మంటే మాత్రం, "అక్కడ ఎవరూ పరామర్శించరు కదా" అని వచ్చాడు. ఇప్పుడు నెల తిరిగేసరికి ఫోన్ చేసి, ఈసారి ఎక్కడికని ముందుగా అడిగేది ఆయనే. పక్కపక్కన నడుస్తూ మాట్లాడుకోవడం వేరు, ఎదురుబొదురు కూర్చుని మాట్లాడుకోవడం వేరు. నడకలో మాట లేకపోయినా ఎవరికీ ఇబ్బంది ఉండదు.

ఇక వంతెనల సంగతి. మన రెండు ఉమ్మడి జిల్లాలు మెట్ట ప్రాంతాలే అయినా నదులకు తక్కువేమీ లేదు. కృష్ణ పాలమూరులో అడుగుపెట్టి, నల్లగొండ దక్షిణపు అంచు వెంబడి పోతుంది. మూసీ వికారాబాదు దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాదును దాటి, నల్లగొండ జిల్లాలో పారి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. మధ్యలో డిండి, దాన్నే దుందుభి అంటాం. ఇవిగాక వర్షాకాలంలో నాలుగు రోజులు ఉరికి మిగతా ఏడాదంతా ఇసుక పరుచుకుని ఉండే వాగులు లెక్కలేనన్ని. ఈ ఎండు వాగులను చూసి మోసపోకూడదని మా తిరుగుళ్లు నేర్పిన మొదటి పాఠం.

పాత వంతెన అంటే ఏమిటో తెలియాలని మొట్టమొదట హైదరాబాదు పోయి పురానాపూల్ చూసొచ్చాం. 1578లో ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో కట్టిన రాతి కమానుల వంతెన అది. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన మహా వరదలో ఊళ్లోని తక్కిన వంతెనలు కొట్టుకుపోగా ఇది నిలిచింది. ఎందుకు నిలిచిందో కిందికి దిగి చూస్తే కొంత అర్థమవుతుంది. కమానులో ఏ రాయీ వేలాడుతూ ఉండదు. పైనుంచి బరువు పడేకొద్దీ ఒక రాయి పక్క రాయిని ఒత్తుతుంది, ఆ ఒత్తిడి అలా అలా దిగి కాళ్లలోకి, కాళ్ల నుంచి నేలలోకి పోతుంది. కాళ్లు ఎగువ వైపు పడవ ముక్కులా కోణంగా ఉంటాయి, నీరు చీలి పోవడానికి. డంగు సున్నం మెల్లగా గట్టిపడుతుంది గాని ఏళ్లు గడిచేకొద్దీ రాతితో కలిసిపోతుంది. కొత్త వంతెనల్లో కాళ్లు తక్కువ, ఖానాలు వెడల్పు. ఇనుము, కాంక్రీటు కలిసి ఆ దూరాన్ని మోస్తాయి. ఎండకు సాగి చలికి ముడుచుకునే దూలాల కోసం సందులు వదులుతారు. మన బస్సు పోతుంటే టక్ టక్ మని వినిపించేది ఆ సందుల చప్పుడే.

అదే మూసీ వెంట మన జిల్లాకు వద్దాం. హైదరాబాదు–విజయవాడ రోడ్డుమీద నకిరేకల్ దాటాక సూర్యాపేటకు ముందు టేకుమట్ల దగ్గర మూసీ వంతెన వస్తుంది. దానిమీదుగా మనలో కొన్ని వందల సార్లు పోనివారెవరు? నాలుగు వరుసల రోడ్డు వచ్చాక కారులో పోయేవారికి నది వచ్చిందీ తెలియదు, పోయిందీ తెలియదు. కాని 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగినప్పుడు విజయవాడ వైపు నుంచి వస్తున్న భారత సైన్యాన్ని ఆలస్యం చేయడానికి, వెనక్కి తగ్గుతున్న నిజాం సేనలు సూర్యాపేట దగ్గరి మూసీ వంతెనను కూల్చాయి. అయితే దానికి కాపలాగా ఎవరూ నిలబడలేదు. సైన్యం దాన్ని త్వరగానే బాగుచేసుకుని ముందుకు కదిలింది. ఒక రాజ్యం భవిష్యత్తు తేలే వారంలో కొన్ని గంటలు ఈ వాగునీటి మీద ఆగాయన్నమాట. అక్కడ నిలబడి ఈ సంగతి చెప్పుకుంటే, మా ఉపాధ్యాయ మిత్రుడు తన సర్వీసంతా పుస్తకంలోంచి చెప్పిన పాఠానికి స్థలం ఇప్పుడు దొరికిందన్నాడు.

మూసీ మీద పెద్ద వంతెనలే కాదు, లోలెవల్ వంతెనలూ ఉన్నాయి. వలిగొండ దిక్కు సంగెం దగ్గర భీమలింగం కత్వ ఉన్నచోట చూడండి, పోచంపల్లి – బీబీనగర్ మధ్య రుద్రవెల్లి దగ్గర చూడండి. ఎగువన నీళ్లు వదిలితే చాలు, దారి మునుగుతుంది, రాకపోకలు ఆగుతాయి. నీళ్లు మోకాలి లోతే కదా అని బండి దింపినవాళ్లు కొట్టుకుపోయారన్న వార్త మనం ప్రతి వానాకాలం ఏదో ఒక జిల్లా పేజీలో చదువుతూనే ఉంటాం. పారే నీటి బరువు నిలిచిన నీటి బరువులాంటిది కాదు. మోటారు సైకిలును తోసేయడానికి మోకాలి లోతే ఎక్కువ. ఈ మాట మన మనుమలకు మనమే చెప్పాలి.

వలిగొండ పేరెత్తాను గనుక ఇంకో మాట. బీబీనగర్–నడికుడి రైలు మార్గం 1989 నాటికి పూర్తయింది. నల్లగొండ, మిర్యాలగూడ పట్టణాలకు రైలు కూత వినిపించింది దాంతోనే. 2005 అక్టోబరు 29 తెల్లవారుజామున రేపల్లె నుంచి సికింద్రాబాదు వస్తున్న డెల్టా ఫాస్ట్ ప్యాసింజరు వలిగొండ దగ్గర పట్టాలు తప్పింది. భారీ వానలకు ఎగువన చెరువు తెగి, ఆ నీరు ఒక చిన్న రైలు వంతెనను కొట్టుకుపోయింది. చీకట్లో వచ్చిన బండికి అది కనిపించలేదు. వందమందికి పైగా చనిపోయారు.

ఇక్కడ ఆలోచించవలసిన విషయం ఉంది. కూలింది కృష్ణ మీది పెద్ద వంతెన కాదు. ఎవరూ పేరు కూడా పెట్టని చిన్న వంతెన. మన ప్రాంతంలో చెరువులు గొలుసుకట్టుగా ఉంటాయి. పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండుతుంది. పై చెరువు కట్ట తెగితే ఆ నీరంతా ఒక్కపెట్టున కింది చెరువు మీద పడి, అదీ తెగుతుంది. నాలుగు చెరువుల నీరు కలిసి ఒక మోరీ దగ్గరికి వస్తే, మామూలు వానకు లెక్కవేసి కట్టిన మోరీ ఏం తట్టుకుంటుంది? కనుక వంతెనను కాపాడాలంటే పైనున్న చెరువు కట్టను కూడా చూడాలి. తూములూ అలుగులూ బాగుండాలి. ఒక శాఖవారు కట్టనూ, ఇంకో శాఖవారు రోడ్డునూ, మరో శాఖవారు పట్టాలనూ చూస్తారు. నీటికి ఈ శాఖలతో పని లేదు.

పాలమూరు మిత్రులకు ఇటువంటి జ్ఞాపకం ఇంకా పాతది. 1956 సెప్టెంబరు 2న జడ్చర్ల – మహబూబ్‌నగర్ మధ్య రైలు పోతుండగా వంతెన కూలింది. వందమందికి పైగా మరణించారు. అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఇంకా ఏర్పడలేదు, మనది హైదరాబాదు రాష్ట్రమే. నాటి కేంద్ర రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి ఆ ప్రమాదానికి బాధ్యత వహించి రాజీనామా ఇవ్వజూపారు. ప్రధాని నెహ్రూ ఒప్పుకోలేదు. అదే ఏడాది నవంబరులో తమిళనాడులోని అరియలూరు దగ్గర వరదకు వంతెన దెబ్బతిని మరో రైలు పడిపోయింది. ఈసారి శాస్త్రి పట్టుబట్టి రాజీనామా ఇచ్చారు, అది ఆమోదం పొందింది. శాస్త్రిగారి రాజీనామా అనగానే అందరూ అరియలూరును చెబుతారు. దానికి మొదటి అధ్యాయం మన పాలమూరు దగ్గర జరిగిందని మన పిల్లల్లో ఎందరికి తెలుసు? మేము జడ్చర్ల వైపు వెళ్లిన రోజు రైలు మార్గానికి దూరంగా రోడ్డు పక్కన చెట్టుకింద నిలబడి రెండు నిమిషాలు మౌనం పాటించాం. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, టోపీ ఉన్నాయన టోపీ తీశాడు, అంతే.

అన్నీ విషాదాలే చెప్పి మిమ్మల్ని భయపెట్టను. సంతోషం కావాలంటే కృష్ణా స్టేషన్ వైపు రండి. మక్తల్ దాటి రాయచూరు రోడ్డున పోతే కృష్ణానది మీద నిజాం కాలపు రోడ్డు వంతెన ఉంది, 1943లో పూర్తయింది. అటు గట్టు కర్ణాటకలోని దేవసూగూరు. దగ్గర్లోనే రైలు వంతెన. బొంబాయి నుంచి వచ్చిన రైలు మార్గం, మద్రాసు నుంచి వచ్చిన రైలు మార్గం 1871లో రాయచూరులో కలిశాయి. ఆ దారి కృష్ణను దాటేది ఇక్కడే. పొద్దున ఏడింటికి గట్టుమీద నిలబడితే కమానుల నీడలు నీళ్లలో పడి గుండ్రంగా కనిపిస్తాయి. అవతల గట్టున కన్నడం, ఇవతల తెలుగు, మధ్యలో చేపలు పట్టేవారికి రెండు భాషలూ వచ్చు. మేమెన్ని వంతెనలు చూసినా మా మిత్రులు మళ్లీ పోదామనేది ఇక్కడికే.

బీచుపల్లి కూడా అలాంటిదే. ఒడ్డున ఆంజనేయస్వామి గుడి, ఎదురుగా కృష్ణ. పాత వంతెన, నాలుగు వరుసల రోడ్డుతో వచ్చిన కొత్త వంతెన పక్కపక్కనే ఉన్నాయి. పాతకాలం ఇంజనీర్లకూ, కొత్తకాలం ఇంజనీర్లకూ తేడా చూడాలంటే ఇంతకన్న మంచి బడి లేదు. 2009 అక్టోబరు మొదటి వారంలో కృష్ణా తుంగభద్రలు పొంగి అలంపురం, కర్నూలు మునిగాయి. శ్రీశైలం ప్రాజెక్టును 19 లక్షల క్యూసెక్కులకు లెక్కవేసి కడితే, వచ్చింది 25 లక్షలకు పైగా. అప్పుడు నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో గట్టుమీది పెద్దమనిషి ఒకాయన చెయ్యెత్తి చూపించాడు. పుస్తకంలో అంకె చదివితే కలగని ఆశ్చర్యం ఆ చెయ్యి చూస్తే కలిగింది.

నాగార్జునసాగర్‌కు అందరం పోయాం, పిల్లలను తీసుకుపోయాం. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు. పోయిన ప్రతివారూ గేట్లనే చూస్తారు. ఈసారి పోతే డ్యాం దిగువన ఉన్న వంతెన దగ్గర ఒక అరగంట ఆగండి. డ్యాం ఎత్తు 124 మీటర్లంటే ఏమిటో అక్కడినుంచి చూస్తేనే తెలుస్తుంది.

ఇప్పుడు లేని వంతెన దగ్గరికి వస్తాను. మా పట్టికలో కట్టిన వంతెనలతోపాటు కట్టని వంతెన కూడా ఒకటి ఉంది. కొల్లాపూర్ అవతల సోమశిల. శ్రీశైలం జలాశయం నిండాక అక్కడ కృష్ణ సముద్రంలా పరుచుకుంది. పాత గుడులను ముందే విప్పి గట్టుమీద మళ్లీ కట్టారు. మనుషుల చుట్టరికాలను మాత్రం విప్పి మళ్లీ కట్టడం కుదరలేదు. ఈ గట్టు ఆడపడుచులు ఆ గట్టున ఉన్నారు, ఆ గట్టు భక్తులకు ఈ గట్టున సింగోటం నరసింహస్వామి జాతర ఉంది. పడవ వద్దంటే కర్నూలు మీదుగా చుట్టు తిరిగి రావాలి. 2007 జనవరి 18న జాతర రోజుల్లో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి అరవై మంది వరకు చనిపోయారు. వంతెన కావాలన్న కోరిక అప్పుడు ఏడుపైంది. సోమశిల – సిద్ధేశ్వరం మధ్య తీగల వంతెనకు 2022 అక్టోబరులో కేంద్రం 1,082 కోట్ల రూపాయల పైచిలుకు అంచనాతో ఆమోదం తెలిపింది. గాజు నడకదారితో పర్యాటకులు ముచ్చటపడేలా ఉంటుందన్నారు. ముచ్చట మంచిదే. కాని మేము రేవులో కూర్చున్న రోజు పడవ దిగిన ఒక పెద్దమ్మ అన్నది ఇది: "అందం మాకెందుకు నాయినా, రాత్రి నొప్పులొస్తే దాటెటట్టుంటే చాలు." వంతెన గురించి నేను విన్న నిర్వచనాల్లో ఇంతకన్న మంచిది లేదు.

మిత్రులారా, సమయం అయిపోవస్తోంది. మీరూ ఇలా బయలుదేరాలనుకుంటే మా అనుభవంలో తేలిన కొన్ని జాగ్రత్తలు చెబుతాను.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. వాన పడుతున్నప్పుడూ, ఎగువన గేట్లు ఎత్తినప్పుడూ నదిలోకి దిగవద్దు. ఎండిన ఇసుకలోకి దిగేముందు కూడా ఊళ్లోవాళ్లను అడగండి. రైలు వంతెన మీదికి, పట్టాల మీదికి ఎక్కవద్దు. అది ప్రాణాపాయం, పైగా రైల్వే చట్టం ప్రకారం నేరం. దాన్ని ఒడ్డునుంచే చూడాలి, అందంగా కనిపించేదీ అక్కడినుంచే. నడకదారి లేని రోడ్డు వంతెనల మీద లారీల మధ్య గుంపుగా నడవవద్దు. బి.పి., షుగరు మందులు జేబులో ఉండాలి, మజ్జిగ సీసా సంచిలో ఉండాలి. వంతెనల దగ్గర ఫోటోలు తీయవద్దని బోర్డు ఉంటే తీయకండి. మనం సర్వీసులో ఇతరులకు నియమాలు చెప్పినవాళ్లం.

చివరిగా నా ప్రతిపాదన. మేమొక రిజిస్టరు పెట్టాం. ఆఫీసు అలవాటు పోదు కదా. ప్రతి వంతెనకూ ఒక పేజీ. ఖానాలెన్ని, శిలాఫలకం మీద ఏముంది, గోడల్లో రావి, మర్రి మొలకలు ఉన్నాయా, పైన నీరు పోయే రంధ్రాలు పూడిపోయాయా, ఖానాల్లో చెత్త, ముళ్లకంప అడ్డం పడిందా, కాళ్ల దగ్గర ఇసుక కోసుకుపోయి పునాది బయటపడిందా, పిట్టగోడ విరిగిందా, ఊరి పెద్దలు చెప్పిన ఎత్తైన వరద గుర్తు ఎక్కడ. ఇవన్నీ ఇంజనీరు కానివాళ్లకూ కంటికి కనిపించేవే. వంతెన చాలాసార్లు నెత్తిన బరువెక్కి పడదు. కాళ్ల కింద మట్టి పోయి పడుతుంది. ఇసుక తవ్వకాలు సాగే వాగుల్లో ఇది మరీ చూడాలి. రావి మొక్క వేలెడున్నప్పుడు పీకితే వస్తుంది. చెట్టయ్యాక పీకితే రాయి ఊడుతుంది, పీకకపోతే గోడ చీలుతుంది.

ఒకచోట రావి మొక్కల గురించి సంబంధిత కార్యాలయానికి ఉత్తరం రాశాం. రెండు నెలలకు మళ్లీ పోతే కోసేసి ఉన్నాయి. ఇంకోచోట పూడిన మోరీ గురించి రెండు ఉత్తరాలు రాశాం, జవాబు లేదు, మూడోది రాస్తాం. మనకు ఉత్తరం రాయడం వచ్చు, రెఫరెన్సు నంబరు వేయడం వచ్చు, రిమైండరు పంపడం అంతకన్న బాగా వచ్చు. ఈ విద్యను మన పింఛను ఫైళ్లకే ఖర్చు చేయనక్కర్లేదు.

2016లో మన రెండు జిల్లాలు పలు జిల్లాలయ్యాయి. కొత్త కార్యాలయాలు వచ్చాయి, కొత్త అధికారులు వచ్చారు. పాత మోరీ ఎప్పుడు మునిగిందో, ఏ చెరువు ఎన్నిసార్లు తెగిందో ఆ కుర్రవాళ్లకు చెప్పేవారెవరు? ఆ జ్ఞాపకం ఈ హాల్లో కుర్చీల మీద కూర్చుని ఉంది. అది మనతోనే పోకూడదు. ప్రతి శాఖా సంఘం తన పరిధిలో ఏడాదికి ఆరు వంతెనలు నడిచి చూసి, ఒక్కో పేజీ రాసి పంపితే, వచ్చే ప్రత్యేక సంచికలో వాటిని వేయవలసిందిగా సంపాదకవర్గాన్ని కోరుతున్నాను. వానాకాలానికి ముందే ఆ నకళ్లు కలెక్టరు కార్యాలయాలకు అందేలా చూసే బాధ్యత కార్యదర్శిగారిది.

మా తర్వాతి నడక వచ్చే రెండో ఆదివారం, దుందుభి మీద. పొద్దున ఆరున్నరకు బస్టాండులో కలుస్తాం. రాదలచినవారు భోజన విరామంలో పేరు రాయించండి. మోకాళ్ల నొప్పులున్నవారికి మొదటి ప్రాధాన్యం.